సైదమ్మ చదివిన డబ్బాలు

ఆలేరు మిషన్ బడిలో నేను ఇరవై రెండేళ్లు పంతులుగా ఉన్నాను. పేరు ఇస్రాయేలు. ఉర్దూ కాగితమైతే స్టేషను ముందరి దుకాణం ఖుద్దూస్ దగ్గరికి, తెలుగో ఇంగ్లీషో అయితే నా దగ్గరికి పోవడం ఊళ్లో వాడుక. బడి వదిలి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే అరుగు మీద ఎవరో ఒకరు కార్డు ముక్క పట్టుకొని కూర్చుని ఉండేవారు. చదువుకున్నందుకు ఇదొక వెట్టి అని లోపల గొణుక్కునేవాణ్ణి. పైకి మాత్రం చదివిపెట్టేవాణ్ణి. అన్నేళ్లలో కాగితం కాకుండా రేకు డబ్బా తెచ్చి చదవమన్నది ఒక్క సైదమ్మే.

మొదటిసారి ఆమె వచ్చింది పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, వానాకాలం చివర. నలభై దాటని మనిషే, యాభై దాటినట్టు కనిపించేది. కొంగులో చుట్టిన డబ్బాను అరుగు మీద పెట్టి తను కింద కూర్చుంది.

"పంతులూ, గీ డబ్బాల ఉప్పున్నదో లేదో జర సూడు."

డబ్బాను అటూ ఇటూ తిప్పాను. పటాలం వాళ్లది. "చేపలు" అన్నాను.

"చేపలని నాకూ ఎర్కనే, బొమ్మున్నది గద. ఉప్పు సంగతి చెప్పు."

అడుగున, చీమ తలంత అక్షరాల్లో రాసి ఉంది. కళ్లద్దాలు తెచ్చుకొని చదివాను. చేపలు, నూనె, ఉప్పు. ఉందని చెప్పాను. ఆమె డబ్బాను మళ్లీ కొంగులో చుట్టుకొని, నడుము మీద చెయ్యి ఆనించి లేచింది. ఆ లేవడం చూస్తేనే నాకు ఆయాసం వచ్చింది.

ఆమె పెనిమిటి కురుమయ్య రైల్వే గ్యాంగులో కూలీ. పట్టాల కింద కంకర ఎగదోసి, వదులైన మేకులు బిగగొట్టే పని. ఆ ఏడు శ్రావణంలో ముందు ముఖం ఉబ్బింది, తర్వాత కాళ్లు. వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపు అట్లాగే ఉండేది. గ్యాంగు మేస్త్రీ పాసు ఇప్పించి పట్నం దవాఖానకు పంపాడు. మూత్రపిండాలు చెడ్డాయన్నాడు డాక్టరు. కారం తినొచ్చు, పులుపు తినొచ్చు, ఉప్పు మాత్రం చిటికెడు కూడా వద్దన్నాడు. తొక్కు వద్దు, ఎండుచేప వద్దు, వంటసోడా వద్దు. డబ్బాలోనో పొట్లంలోనో వచ్చిన వస్తువైతే, మీద ఏం రాసి ఉందో చదివించుకోకుండా పెట్టొద్దన్నాడు. పదిహేను రోజులు దవాఖానలో పాలు, చప్పిడి గంజి తాగేసరికి కురుమయ్య కాళ్లు మామూలుగా అయ్యాయి. ఇంటికొచ్చాడు. సైదమ్మ కష్టం అక్కణ్ణుంచి మొదలైంది.

ఎండలో చెమటలు కక్కుతూ ఇనుము మోసిన మనిషి. ఇన్నేళ్లూ జొన్నరొట్టె మీద ఇంత ఉప్పుకారం, ఒక ఉల్లిగడ్డ ఉంటే పండుగ అనుకున్నవాడు. అట్లాంటివాడి ముందు చప్పిడి పప్పు పెడితే తింటాడా? రెండు ముద్దలు తిని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తిట్టేవాడు కాదు. తిడితే బాగుండునని సైదమ్మ ఒకసారి నాతో అంది. ఉప్పు లేకుండానే నాలుకకు తగిలే వస్తువు ఏదో ఒకటి ఈ లోకంలో ఉండకపోదని, దాన్ని పట్టుకొచ్చి మొగుడి చేత తినిపించాలని ఆమె పట్టుదల. ఊళ్లో దొరికేవన్నీ వండి చూసింది. ఇక మిగిలింది రైలు.

ఆ రోజుల్లో సికింద్రాబాదు నుంచి కాజీపేట వైపు మిలిటరీ రైళ్లు విడవకుండా పోయేవి. ఆలేరులో ఇంజను నీళ్లు పట్టుకునేంతసేపు సోల్జర్లు కిటికీల్లోంచి చేతులు చాపి పండ్లు అడిగేవారు. మా గుట్టల్లో సీతాఫలానికి కరువు లేదు. సైదమ్మ పొద్దున్నే గుట్టెక్కి గంపెడు కోసుకొచ్చి, నాలుగు పండ్లు ఇచ్చి ఒక డబ్బా తీసుకునేది. లోపల ఏముందో ఇచ్చేవాడు చెప్పలేడు, తీసుకునేది అడగలేదు. తీసుకోవడం, నా అరుగు మీదికి తేవడం. బఠాణీల డబ్బాలో ఉప్పు. వెన్న డబ్బాలో ఉప్పు. తియ్యటి బిస్కట్లలోనూ ఉప్పే.

"బిస్కట్లల గూడ ఉప్పెందుకు పంతులూ? తియ్యగుంటయి గద?"

"ఏమో సైదమ్మా, దొరల వంట."

"పాడు వంట" అని, ఆ డబ్బా మా గుమ్మంలోనే వదిలిపోయింది. మా ఇంటివాళ్లు వారం రోజులు తిన్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఉప్పు లేనివి రెండే తేలాయి. పాలపిండి, పండ్ల పాకం. పాలపిండి పని చేసింది. పాకం ఒక వేలు నాకి, పసిపిల్లల తిండి అన్నాడట కురుమయ్య.

రోజూ చదవలేక నేనే ఒక ఉపాయం చేశాను. ఉపాయం అనడం కూడా గొప్పే. విసుగు. ఆమెకు ఉప్పు అనే ఇంగ్లీషు మాట ఒక్కటి నేర్పితే నా అరుగు నాకు మిగులుతుందనుకున్నాను. పలక మీద నాలుగు పెద్ద అక్షరాలు రాసిచ్చాను. ఓనమాలు కూడా రాని మనిషి వాటిని వేలితో దిద్దుతూ తన పేర్లు తను పెట్టుకుంది. మొదటిది పాము, రెండోది గుడిసె, మూడోది గోడమూల, నాలుగోది సుత్తె. పలక ఇంటికి పట్టుకుపోయి పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో రాసుకుంది. పాము అటు తిరిగి ఉండాల్సింది ఇటు తిరిగింది, అంతే. సైదమ్మ జన్మలో చదివిన చదువంతా ఆ నాలుగు అక్షరాలే. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో అచ్చయిన డబ్బాలు మాత్రం నా దగ్గరికే వచ్చేవి.

ఈ చదువు పరీక్షకు వచ్చింది ఖుద్దూస్ దుకాణంలో. ఖుద్దూస్ కూడా సోల్జర్ల దగ్గర డబ్బాలు కొని అమ్మేవాడు. పెద్దమనిషి, తూకంలో ధర్మం తప్పేవాడు కాదు. సూపు డబ్బా ఒకటి తీసిచ్చి, "గిది తీస్కపో సైదమ్మా, బీమార్లకు మంచిగుంటది. ఉప్పు గిప్పు ఏమీ ఉండది" అన్నాడు.

సైదమ్మ డబ్బాను వెలుగులో పెట్టి చుట్టూ తిప్పింది. వేలు ఒకచోట ఆగింది.

"పాము, గుడిసె, మూల, సుత్తె. నీ దుకాణం మీద మన్నువడ, గిదేంది భాయీ?"

"నేనేమన్న అంగ్రేజీ చదివిన్నా? బొమ్మ సూసి చెప్పిన" అని ఖుద్దూస్ నవ్వాడు గానీ, తర్వాత నవ్వు ఆపి ఆ అక్షరాలు తనకూ చూపించమన్నాడు. ఆ రోజు నుంచి పాము లేని డబ్బా కనబడితే ఆమె కోసం అటక మీద వేరే పెట్టేవాడు. ఊళ్లో ఆమెకు డబ్బాల సైదమ్మ అని పేరు పడింది. పిలిస్తే పలికేది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకు లేదు.

ఒకసారి పాలపిండి డబ్బా ఇచ్చిపోదామని వాళ్లింటికి పోయాను. కురుమయ్య వసారాలో పడుకున్నాడు. సైదమ్మ ఇంటి వెనక, కట్టెల మోపు చాటున గొంతుక్కూర్చుని రొట్టె తింటోంది. ముందు ఆకులో ఇంత ఉప్పుకారం. నన్ను చూసి దొంగతనం పట్టుబడ్డట్టు ఆకు మూసింది.

"ఆయన ముంగట తింటే ఆయనకు పానం గుంజుతది పంతులూ. తినకుంటే నాకు కళ్లు తిరుగుతయి. కూలికి పోవాలె గద."

రెండు పొయ్యిలు, రెండు కుండలు. ఆయన కుండలో గరిటె తను ఎంగిలి చేసేది కాదు, తన ఉప్పు చెయ్యి ఆయన కుండకు తగలనిచ్చేది కాదు. చెయ్యి కడుక్కుని కడుక్కుని అరచేతులు తెల్లగా పాలిపోయి ఉండేవి. ఇంత చేస్తే కురుమయ్య మనసారా తినేది ఒక్కటే, పులుసు. వంకాయ పులుసో, దోసకాయ పులుసో పెట్టిననాడు మారు అడిగేవాడు.

"పులుపుల ఉప్పు లేని లోటు తెల్వది. గందుకే తింటాండు" అని సైదమ్మ ఆ ఒక్కమాట చెప్పేటప్పుడు కొంచెం తేటగా కనిపించేది. అందుకని దాదాపు రోజూ పులుసే పెట్టేది.

దీపావళి పోయాక కాళ్లు మళ్లీ ఉబ్బాయి. ఈసారి పొట్ట కూడా. మళ్లీ పట్నం. దవాఖానలో ఇరవై రోజులు ఉంటే దిగింది, ఇంటికొచ్చిన నెలకు మళ్లీ వచ్చింది. మూడోసారి తోడుగా నేనూ పోయాను. డాక్టరు కురుమయ్య కాలు నొక్కి చూసి, సైదమ్మ వైపు తిరిగి కేకలేశాడు.

"ఇక్కడుంటే తగ్గుతుంది, ఇంటికి పోతే పెరుగుతుంది. దీనర్థమేమిటి? నువ్వు ఉప్పు పెడుతున్నావు. ఇంకోసారి ఇట్లాగే తెస్తే నేను చేర్చుకోను. మనిషి పోతాడు, తెలుసా?"

సైదమ్మ పిల్లలెవరూ బతకలేదు. మీద ప్రమాణం చేయడానికి ఆమెకు మిగిలింది ఆ మొగుడే. ఉబ్బిన ఆ పాదం మీద చెయ్యి వేసి, "గీ పానం మీద ఒట్టు సారూ, ఒక్క ఉప్పు పలుకు ఎయ్యలే" అంది. డాక్టరు అప్పటికే పక్క మంచం దగ్గరికి పోయాడు.

కురుమయ్యను అక్కడ చేర్చి వచ్చే రైల్లో ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నేను ఓదార్చలేదు. నిజం చెప్పాలంటే, నాకూ అనుమానమే. మొగుడు ఏడిస్తే చూడలేక ఇంత వేసి ఉంటుందనుకున్నాను. లేకపోతే కురుమయ్యే స్టేషనులో మిరపకాయ బజ్జీలు తింటున్నాడేమో. భువనగిరి దాటాక ఆమె ఇటు తిరిగింది.

"పంతులూ, నీకు సుత నమ్మకం లేదు. ఒక్క దినం మా ఇంట్ల కూసోని సూడు. పొయ్యి ముట్టిచ్చినకాడికెల్లి ఆయన చెయ్యి కడిగినదాంక సూడు."

కురుమయ్య ఇంటికొచ్చిన వారానికి, ఆదివారం ప్రార్థన అయ్యాక పోయి కూర్చున్నాను. బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరులాగే కూర్చున్నాను. జొన్నపిండి వేలితో రుచి చూశాను. కారం రుచి చూశాను. ఉప్పు వేయకుండా వేరే దంచిన కారమే అది. పసుపు, పప్పు, నూనె, పాలపిండి డబ్బా అన్నీ చూశాను. ఉప్పుకుండ పొరుగున జంగమ్మ ఇంట్లో పెట్టి, తన కారంలోకి కావలసినంత ఏ పూటకాపూట తెచ్చుకుంటోందట. అటక మీది కుండలోంచి నిమ్మకాయంత చింతపండు తీసి నానేసింది. పిసికి పులుసు తీసింది. బెల్లం ముక్క వేసింది, మెంతిపొడి చల్లింది. ఇదంతా నా కళ్ల ముందే. ఉప్పు పలుకు ఆ ఇంట్లో లేదు. కురుమయ్య రొట్టె తుంచి పులుసులో ముంచుకొని నెమ్మదిగా తిన్నాడు. నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. పెళ్లాన్ని అనుమానించానని కోపం కాబోలు అనుకున్నాను.

ఆ సాయంత్రమే డాక్టరుకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఆ ఇంటి వంట స్వయంగా పరీక్షించాననీ, అందులో ఉప్పు లేదనీ, ఆ స్త్రీని నిందించడం న్యాయం కాదనీ రాసి కింద నా సంతకం, హోదా పెట్టాను. చదివి వినిపిస్తే సైదమ్మ నా కాళ్లకు దండం పెట్టింది. డాక్టరు నుంచి జవాబు రాలేదు.

మాఘం పోయి ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి మా ఇంటావిడ సావిత్రమ్మ వసారాలో చాప పరిచి చింతపండు ముందేసుకుంది. ఆమె ఏటా చేసే పనే. గింజ తీసిన పండు కుప్ప పోసింది. పక్కన చేటలో దొడ్డుప్పు. గుప్పెడు ఉప్పు పండు మీద చల్లి, రెండు చేతులా పిసికి, ముద్దలు చేసి కుండలో అదుముతోంది. నేను చెప్పులు విడవబోయి ఆగిపోయాను.

"గట్ల నిలవడ్డవేంది?" అంది.

"ఉప్పెందుకేస్తున్నావు?"

"ఉప్పెయ్యకుంటే పురుగు పట్టదా? గిదేం కొత్తనా? మీ అవ్వ ఎయ్యలేదా?"

వేసింది. మా అవ్వ వేసింది, సైదమ్మ అవ్వ వేసింది, ఈ గడ్డ మీద చింతపండు కుండ ఉన్న ప్రతి ఇంట్లోనూ వేస్తారు. ఏడాదికి ఒకసారి, ఎండాకాలంలో వేసి మరిచిపోతారు. ఆ తర్వాత అది ఉప్పు కాదు, చింతపండు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, ఎక్కడో సముద్రాల అవతలి డబ్బాల మీది చీమ తలంత అక్షరాలు కళ్లు చించుకొని చదివాను. మూరెడు దూరంలో ఆమె చింతపండు పిసుకుతుంటే చూస్తూ కూర్చున్నాను. పైగా సంతకం పెట్టాను.

ఆ చెప్పులతోనే పోయాను. సైదమ్మ కలుపుకు పోయింది. కురుమయ్య వసారాలో గోడకు ఆని కూర్చుని, కాళ్లు బారజాపి పట్టాల వైపు చూస్తున్నాడు. ఊపిరి ఆడక మాట తప్పిపోతుంటే సంగతి చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు.

"నాకు ఎర్కనే పంతులూ."

"ఎర్కనా? ఎప్పట్నుంచి?"

"మొదటి దినం కెల్లి. నాలికెకు తెల్వకుంటదా? అన్నీ చప్పగున్నంక, గింత పలుకున్నా గొంతుల దీపం వెట్టినట్టుంటది. గా చింతపండు పోయినేడు నేనూ అదీ కూసోనే పిసికినం."

"మరి చెప్పొద్దా? చస్తావయ్యా!"

కురుమయ్య బారజాపిన కాళ్లను నిమురుకున్నాడు. "మొదట్ల తిండి మీద ఆశతోని చెప్పలే. ఎనుక డాక్టరు దాన్ని తిట్టినంక చెప్తామనుకున్న. గప్పుడు నోరు రాలే. చేతులు పుండ్లు పడేటట్టు కడిగింది గద పంతులూ, దాని చెయ్యే పెట్టిందని ఎట్ల చెప్పాలె? నువ్వు సుత చెప్పకు."

నాకు కోపం వచ్చింది. అతని మీదా, నా మీదా, డాక్టరు మీదా, చింతచెట్ల మీదా వచ్చింది. అరిచేలోపే సైదమ్మ గడ్డి మోపుతో వచ్చింది. అప్పటికప్పుడు ఒక అబద్ధం ఆడాను. పట్నం డాక్టరు ఉత్తరం రాశాడనీ, ఈ ఏడు పెట్టే కొత్త చింతపండులో ఉప్పు వేయొద్దన్నాడనీ చెప్పాను. పాతదాని మాట ఎత్తలేదు.

ఆమె మోపు దించలేదు. నెత్తి మీద అట్లాగే ఉంచుకొని నన్ను చూసింది, కురుమయ్యను చూసింది. తర్వాత మోపు కింద పడేసి లోపలికి పోయి అటక మీది కుండ దించుకొచ్చింది. రేకు డబ్బాలు తెచ్చి పెట్టినట్టే నా ముందు పెట్టింది.

"దీని మీద ఏం రాసున్నది పంతులూ?"

నా చేతులు అలవాటుగా కుండను అటూ ఇటూ తిప్పాయి.

లోపల వేలు పెట్టి నాలుక మీద రాసుకుంది. మొగుడి వైపు తిరిగి, "నీకు ఎర్కనా?" అంది. కురుమయ్య పట్టాల వైపే చూస్తున్నాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు. అరిస్తే మేమిద్దరం కొంచెం బతికేవాళ్లం. పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి, కుండను ఒళ్లో పెట్టుకొని, దాని బొజ్జ మీద రాసింది. పాము, గుడిసె, మూల, సుత్తె. ఆ కుండను ఇంటి వెనక, తను తినే చోట పెట్టింది.

ఖుద్దూస్ తిరిగి తిరిగి నాలుగు శేర్ల కొత్త చింతపండు, ఉప్పు తగలనిది సంపాదించి పంపాడు. ఆ పులుసు ఒక ముద్ద నోట్లో పెట్టుకొని కురుమయ్య నెమ్మదిగా మింగాడు. మారు అడగలేదు. వాపు దిగింది. రెండు నెలలకు కర్ర పట్టుకొని పట్టాల దాకా నడిచాడు కూడా. కానీ తిండి తగ్గి, ఒంట్లో కండ పోయి, చొక్కా వేలాడేది.

"వాపు దిగింది పంతులూ, ఆయన సుత దిగిండు" అంది సైదమ్మ. డబ్బాలు తేవడం మానలేదు. నేనూ విసుక్కోవడం మానేశాను.

వానాకాలంలో మళ్లీ పడ్డాడు. ఈసారి వాపు కంటే ఆయాసం ఎక్కువ. పట్నం డాక్టరు కేకలేయలేదు. ఇంటికి తీసుకుపోయి ఏది అడిగితే అది పెట్టమన్నాడు. ఆ మాటకు అర్థం నేను చెప్పాల్సిన పని పడలేదు.

సీతాఫలాలు మళ్లీ పండాయి. బతుకమ్మ పండుగ దినాల్లో ఒక పొద్దున సైదమ్మ నా అరుగు ముందుకు వచ్చింది. చేతిలో డబ్బా లేదు. ఆ కుండ ఉంది.

"ఆయన వంకాయ పులుసు అడిగిండు పంతులూ. నోరు తెరిచి అడిగి ఆర్నెల్లాయె. దవాఖాన సారు ఏదడిగినా పెట్టుమన్నడు గద. ఏది ఎయ్యాలె? ఖుద్దూస్ భాయి ఇచ్చినదా, గిదా?"

ఏడాదికి పైగా ఆమె అడిగింది ప్రతిదీ చదివిపెట్టాను. ఇది చదవడం నాకు రాలేదు. నీ ఇష్టం అనలేకపోయాను, వద్దు అనలేకపోయాను. తల వంచుకొని నిలబడ్డాను. సైదమ్మ కొంచెంసేపు చూసింది. కొంగు చివర ఉమ్మితో తడిచేసుకొని, కుండ మీది బొగ్గు రాతను అక్షరం తర్వాత అక్షరం తుడిచింది. పాము అంత తొందరగా పోలేదు, గట్టిగా రుద్దింది. తుడిచాక కుండను చంకనెత్తుకొని ఇంటి వైపు నడిచింది.

ఆ పూట కురుమయ్య రెండుసార్లు పులుసు పోయించుకున్నాడు. సైదమ్మ అతని ముందే కూర్చుని తిన్నది.